మిల్లుల పేటలో కార్యాలయము

ముంబయి నగరపు నడిబొడ్డున రెండు రైలుమార్గములు ఉత్తర దక్షిణములుగా, ఒకదాని నొకటి విడువకుండ సాగిపోవుచున్నవి. పశ్చిమ మార్గముపై మహాలక్ష్మి, లోయర్ పరేల్, ప్రభాదేవి. మధ్య మార్గముపై చించ్‌పోక్లీ, కర్రీ రోడ్డు, పరేల్. ఈ ఆరు స్టేషనుల చుట్టును గల పేటను మరాఠీవారు గిరణ్‌గావ్ అందురు. గిరణీ యనగా మిల్లు, గావ్ అనగా ఊరు. ఆ మిల్లుల ఊరిలో మిల్లుల పని నేడు దాదాపు లేనట్లే. నూలు వడికిన చోట బ్యాంకుల లెక్కలు వ్రాయుచున్నారు. మగ్గము లాడిన చోట ప్రకటనల సంస్థలును, న్యాయవాదుల కార్యాలయములును, భోజనశాలలును వెలసినవి. అచ్చట కార్యాలయమునకు చోటు అద్దెకు తీసికొనువాడు ఏమేమి చూచుకొనవలె ననునది మా ప్రసంగమునకు విషయము.

తెలుగు శ్రోతలకు ముంబయి అద్దెలతో నేమి పని యని కొందరడుగ వచ్చును. పని కలదు. ఆ నగరమున కామాఠీపుర మను పేరే తెలంగాణము నుండి వెళ్లి అచ్చట ఇండ్లును రోడ్లును కట్టిన కామాఠీల వలన వచ్చినది. తరువాతి కాలమున కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు ఇంటి మగ్గము విడిచి ఈ మిల్లులలో చేరిరి. వర్లీ చాళ్లలోను, ప్రభాదేవి సందులలోను తెలుగు మాట నేటికిని వినిపించును. ఆ నేతగాండ్ర మనుమలు ఇప్పుడు చిన్న చిన్న సంస్థలు పెట్టుకొని, తాతలు పనిచేసిన ఆవరణములలోనే గదులు వెదకుచున్నారు. ఇక హైదరాబాదులో బాలానగరము, సనత్‌నగరము, అజామాబాదు వంటి కార్ఖానాల వాడలకు ఈ గాలి సోకకపోలేదు.

ఈ పేట ఇట్లెందుకు ఏర్పడెనో కొంచెము తెలిసికొనిన గాని, అచ్చటి గదుల మంచిచెడ్డలు బోధపడవు. ముంబయి పూర్వము ఏడు ద్వీపములు. వర్లీకి దక్షిణమున సముద్రము లోనికి చొచ్చుకొని వచ్చు గండిని సుమారు 1784 నాటికి హార్న్‌బీ కట్టతో పూడ్చివేసిరి. దానితో లోపలి ఉప్పునేలలు ఆరి మెరక యాయెను. మెరక యని పేరే గాని, చుట్టుప్రక్కల గుట్టలతో పోల్చిన అది నేటికిని పల్లమే. 1853లో బోరీబందరు నుండి ఠాణాకు మొదటి రైలు నడచెను. మరుసటి యేట కావస్‌జీ దావర్ అను పార్సీ వర్తకుడు నగరపు మొదటి నూలుమిల్లునకు సంస్థను నెలకొల్పెను. తాడ్‌దేవ్‌లో ఆ మిల్లు 1856లో పని మొదలిడెను. ఆ తరువాత వచ్చినవారు ఖాళీగాను చౌకగాను ఉన్న పరేల్, లోయర్ పరేల్ నేలల వైపు సాగిరి. బొగ్గును దూదిబేళ్లను దింపుకొనుటకు రైలు ప్రక్కనే యున్నది. ఆవిరియంత్రములకు నీటి చెరువులు త్రవ్వుకొనుటకు చోటు కలదు.

ఇందులో మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి వేరొకటి. రైలు ఈ పేటకు సరుకును తెచ్చెడిదే గాని, కూలివానిని తెచ్చెడిది కాదు. మిల్లు కూలి మిల్లునకు నడచి వెళ్లుదూరములోనే కాపుర ముండెను. భోంగా, అనగా మిల్లు కూత, వినబడు మేరలోనే ఆతని చాళీ, ఆతని ఖానావళి, ఆతని భజనమందిరము. 1920 ప్రాంతమున ప్రభుత్వము కట్టించిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క కుటుంబమునకు 160 చదరపు అడుగుల గది దొరకెడిది. కనుక ఆ స్టేషనులు చిన్నవిగాను, వాటి పాదచారుల వంతెనలు ఇరుకుగాను ఉండినను అప్పటికి చాలినవి.

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది కూలీలు సమ్మెకు దిగిరి. ఆ సమ్మె విరమింపబడిన దని యెవ్వరును ప్రకటింపలేదు. అది క్రమముగా అణగారిపోయెను. మిల్లులును ఒకటొకటిగా మూతబడెను. అప్పుడు యజమానులకు తమ యంత్రములకంటె వాటి క్రింది భూమియే విలువగల దని తెలియవచ్చెను. మొత్తము భూమి సుమారు 600 యెకరములు. 1991లో వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధన 58వది ఆ భూమిని మూడు పాళ్లు చేయవలె నన్నది: ఒక పాలు నగరపాలక సంస్థకు తోటలకును ఆటస్థలములకును, ఒక పాలు గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, మిగిలిన పాలు యజమానికి. 2001లో ఆ నిబంధనను సవరించిరి. అప్పటినుండి పంచవలసినది భూమి యంతయు కాదు, కట్టడములు లేక ముందే ఖాళీగా నున్న భూమి మాత్రమే. మిల్లు ఆవరణమున అట్టి ఖాళీ ఎంత యుండును? బొంబాయి హైకోర్టు 2005లో దీనిని త్రోసిపుచ్చినను, 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణనే నిలబెట్టినది. ఆ నడుమనే 2005లో జాతీయ జౌళి సంస్థ తన మిల్లులు కొన్నిటిని వేలము వేయగా, జూపిటర్ మిల్లు 276 కోట్లకును, కోహినూర్ మిల్లు 421 కోట్లకును, ముంబయి టెక్స్‌టైల్ మిల్లు 702 కోట్లకును పోయినవి. అంత వెలపెట్టి కొన్న భూమిపై మేడలు లేవక తప్పునా? నేడు ఆ మేడలలో అద్దెకు వచ్చువాడు కట్టు ప్రతి రూపాయిలోను ఆ తీర్పులకును ఆ వేలములకును చేరవలసిన వాటా యున్నది. మిల్లు కూలీలకు ఇండ్ల చీట్లు తీసినది 2012లో. దరఖాస్తులు లక్షకు మించినవి, ఇండ్లు వేలలోనే యున్నవి.

మేడలు లేచినవి గాని స్టేషనులు మారలేదు. పూర్వము నడచివచ్చు కూలీలకు సరిపోయిన వంతెనలపైకి ఇప్పుడు విరార్, బోరివలీ, ఠాణా, కల్యాణ్ల నుండి రైళ్లలో వచ్చు ఉద్యోగులందరును ఎక్కవలసి వచ్చెను. 2017 సెప్టెంబరు 29వ తేదీ ఉదయమున వాన కురియుచుండగా, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషనును పరేల్ స్టేషనుతో కలుపు వంతెనపై త్రొక్కిసలాట జరిగి 23 మంది మరణించిరి. తరువాత సైన్యమువారు వచ్చి క్రొత్త వంతెన కట్టగా, అది 2018 ఫిబ్రవరిలో తెరువబడినది. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషనునకు ఆ సంవత్సరమే ప్రభాదేవి యని పేరు మార్చిరి.

అందుచేత, స్టేషనునకు సమీపము అని దళారి చెప్పుమాటను మేము రెండు విధములుగా పరీక్షింపు డని కోరుచున్నాము. మొదటిది, దూరము గజములలో గాక నిముషములలో కొలువవలెను. అదియు ఉదయము తొమ్మిదిన్నరకు, ఆషాఢమాసపు వానలో. ఆదివారము మధ్యాహ్నము అయిదు నిముషములు పట్టు దారి సోమవారమున పదునెనిమిది నిముషములు పట్టుట మేమెరుగుదుము. రెండవది, మీ ఉద్యోగులు ఏ మార్గమున వత్తురో అడిగి తెలిసికొనుడు. కల్యాణ్ నుండి వచ్చు గుమాస్తాకు కర్రీ రోడ్డు స్టేషను దగ్గర; బోరివలీ నుండి వచ్చువానికి లోయర్ పరేల్ దగ్గర. ఈ రెండింటి నడుమ గది దొరకిన ఇరువురికిని సుఖము. లేదా ఒకరు దాదరులో దిగి బండి మారవలసియుండును. దాదరులో బండి మారుట యనగా నేమో మారినవారికే తెలియును.

వంతెనల సంగతి యింతటితో ముగియలేదు. లోయర్ పరేల్‌లోని డిలైల్ రోడ్డు వంతెన బలహీనమైన దని 2018 జులైలో వాహనములకు మూసివేసిరి. అది పూర్తిగా మరల తెరచినది 2023 నవంబరులో. ఈ అయిదు సంవత్సరములలో ఆ వంతెన కిరుప్రక్కల కార్యాలయము లున్నవారు చుట్టు తిరుగుచునే అద్దె మాత్రము తిరుగకుండ చెల్లించిరి. ఎల్ఫిన్‌స్టన్ వంతెనను వర్లీ–శివడీ మార్గము నిర్మాణమునకై 2025 సెప్టెంబరులో మూసిరి. పేటకు లోయర్ పరేల్ మీదుగా 2019లో వచ్చిన మోనోరైలును గూడ ఆ నెలలోనే బాగుచేయుటకై నిలిపివేసిరి. భూగర్భ మెట్రో మాత్రము 2025 అక్టోబరు నాటికి ఆరే నుండి కఫ్ పరేడ్ వరకు పూర్తిగా నడచినది. దాని స్టేషనులు వర్లీ వైపున నున్నవి గనుక, మెట్రో సమీప మను ప్రకటన చూచినప్పుడు అది రైలు స్టేషనునకు సమీపమైన గది కాకపోవచ్చునని గుర్తుంచుకొనవలెను. అందులో ఆచార్య అత్రే చౌక్ స్టేషను 2025 మే 10వ తేదీన తెరువబడి, 26వ తేదీ వానకే నీట మునిగినది. పల్లపు నేల యని మేము ముందు చెప్పినది ఇందుకే. క్రింది అంతస్తున గది చౌకగా వచ్చినచో ఎందుకు చౌకయో ఆ వీధి పాన్‌దుకాణమువా నడుగుడు. నీరు ఎంతవరకు వచ్చునో గోడపై చేయి పెట్టి చూపును. మేడపైని గది యైనను, కరెంటు మీటర్లును జనరేటరును నేలమాళిగలో నున్న యెడల ఫలితమొక్కటే.

ఇక కొలతల సంగతి. మాకు తెలిసిన యువకు డొకడు, దుకాణముల లెక్కలు వ్రాసిపెట్టు చిన్న సంస్థను ఎనమండుగురితో నడుపుచున్నాడు. ఆతని తాత సిరిసిల్ల ప్రాంతము నుండి వెళ్లి మిల్లులో చేరి, 1982లో సమ్మెకు బయటికి వచ్చినవాడు మరల ఆ గేటు లోపల అడుగు పెట్టలేదు. ఆ మిల్లు ఆవరణములోనే లేచిన మేడలో మనుమనికి ఒక గది నచ్చెను. తాత విడిచిన చోటికే మనుమడు యజమానియై వెళ్లుచున్నా డని ఇంటిలో అందరికిని సంతోషము. తండ్రి దాచిన పైకము డిపాజిట్టునకు తీసిరి. 1,000 చదరపు అడుగులు, అడుగునకు నెలకు 140 రూపాయలు. సంతకమునకు ముందు ఒకసారి చూచి రమ్మని మమ్మును పిలిచెను. మేము టేపు పట్టుకొని వెళ్లి గోడనుండి గోడకు కొలువగా 550 చదరపు అడుగులు తేలెను.

"ఇదేంది సార్, కాగితం మీద వెయ్యి ఉన్నది గదా!" అని ఆ యువకుడు తెల్లబోయెను. దళారి ఏమాత్రము తొణకక, లిఫ్టులు, మెట్లు, క్రింది హాలు, నడవలు, పైకప్పు నీటిట్యాంకుల చోటు, అన్నిటిలోను మీ వాటా కలదని వివరించెను. వాటా గలదు నిజమే; లిఫ్టులో బల్ల వేసికొని కూర్చుండుటకు మాత్రము వీలులేదు.

ఇది ఆ యొక్క మేడలోని మోస మనుకొనరాదు. వ్యాపారమున ఇది వాడుక. గోడల లోపలి చోటును కార్పెట్ వైశాల్య మందురు. గోడల మందము కలిపినచో బిల్టప్. అందరికిని ఉమ్మడియైన చోటులో వాటా కూడ కలిపినచో సూపర్ బిల్టప్. ఈ కలుపుదలను లోడింగ్ అందురు. ఇండ్ల అమ్మకమున కార్పెట్ వైశాల్యమే చూపవలె నని 2016 నాటి చట్టము నిర్బంధించినది. కార్యాలయముల అద్దెకు అట్టి కట్టుబాటు లేదు. కనుక అడుగునకు 140 అన్నప్పుడు, ఏ అడుగు అని అడుగవలెను.

ఆ గది లెక్కను మేము అచ్చటనే కాగితముపై వేసితిమి. అద్దె 1,40,000. నిర్వహణ వ్యయము అడుగునకు 20 చొప్పున, అదియు వెయ్యి అడుగులకే, 20,000. ఈ రెండింటి పైని నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 28,800. వెరసి నెలకు 1,88,800. దీనిని 550తో భాగింపగా అడుగునకు 343 రూపాయలు. తాను చెల్లించు పన్నును తాను వసూలుచేయు పన్నులో మినహాయించుకొనగల సంస్థ యైనచో ఆ 28,800 తీసివేయుడు, అప్పటికిని 291. బేరము 140 వద్ద మొదలైనదని మరువరాదు. ఎనమండుగురికి 550 అడుగులు చాలునా యనిన, చాలును. ఆతని తాత కుటుంబమంతయు 160 అడుగులలో కాపురము చేసినదే గదా యని మాలో ఒకరనిరి గాని, ఆ మాటకు ఎవ్వరును నవ్వలేదు.

ఆ యువకుడు కార్పెట్ వైశాల్యముపై అద్దె కట్టుదు నని కోరెను. యజమాని ఒప్పుకొనలేదు. బేర మంతటితో ఆగిపోయెను.

కొలత తరువాత చూడవలసినది పత్రము. ముంబయిలో ఇట్టి గదులను కౌలు పత్రముతో గాక, లీవ్ అండ్ లైసెన్సు అను అనుమతి పత్రముతో ఇచ్చుట పరిపాటి. దీనికి మూలము 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టములోని 52వ సెక్షను. లైసెన్సు పుచ్చుకొనినవానికి ఆ చోట కూర్చుండు అనుమతియే గాని, ఆ చోటుపై ఏ హక్కును పుట్టదు. యజమానులు దీనిని ఎందుకు కోరుదురో తెలియవలె ననిన 1947 నాటి బొంబాయి అద్దెల చట్టమును తలచుకొనవలెను. ఆ చట్టము అద్దెలను కట్టివేసినది; కాపురమున్నవానిని కదలించుట దుర్లభమైనది. అద్దెలు పెరుగకపోవుటచే పగడీ యను పద్ధతి బలపడినది: ముందుగా పెద్ద మొత్తము చెల్లించి, తరువాత నామమాత్రపు అద్దె కట్టుట. అద్దెల చట్టమును తప్పించుకొనుటకు లైసెన్సు లిచ్చినవారికి 1973లో మరియొక దెబ్బ తగిలినది; ఆ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీకి చెల్లుబాటైన లైసెన్సుతో ఉన్నవారిని కిరాయిదారులుగా భావింపవలె నని చట్టమును సవరించిరి. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము 2000 సంవత్సరమున అమలునకు వచ్చి, పెద్ద కంపెనీలకు ఆ రక్షణను తొలగించినది.

ఆ చట్టపు 55వ సెక్షను చిన్నవారికి మేలుచేయునది. అద్దె ఒప్పందము వ్రాతమూలకముగా నుండి రిజిస్టరు కావలెను. రిజిస్టరు చేయించు బాధ్యత యజమానిది. చేయింపనియెడల, షరతుల విషయమున వివాదము వచ్చినప్పుడు, వేరుగా రుజువు కానంతవరకు అద్దెదారు చెప్పినదే చెల్లును. కనుక, స్టాంపు ఖర్చు దండుగ, మన మధ్య కాగిత మెందుకు అను యజమాని తీయని మాటలకు లొంగరాదు. మొత్తము అద్దెపై నూటికి పావు రూపాయి, డిపాజిట్టునకు వేసిన కొంత లెక్క, ఇదే స్టాంపు సుంకము. అదేమంత భారమైనది కాదు.

పత్రములో కన్ను నిలుపవలసిన మాట లాక్-ఇన్. సాధారణముగ మూడు సంవత్సరములు. ఈ గడువులోగా సంస్థ మూతబడినను, పని తగ్గి చిన్న గదికి పోవలసివచ్చినను, మిగిలిన నెలల అద్దె చెల్లింపవలెను. చిన్న సంస్థ లనేకము నష్టములో పడునది అద్దె ఎక్కువయై కాదు, ఈ గడువు ఎక్కువయై. అద్దెదారుకు లాక్-ఇన్ ఉన్నప్పుడు యజమానికిని ఉన్నదో లేదో చూడవలెను. కొన్ని పత్రములలో యజమాని మాత్రము మూడు నెలల నోటీసుతో ఎప్పుడైన లేవగొట్టవచ్చును. లోపల బల్లలు, గోడలు, తీగలు అన్నియు సొంత సొమ్ముతో అమర్చుకొనినవానికి అది ప్రాణాంతకము.

అద్దె పెంపుదలలోను ఒక సూక్ష్మ మున్నది. మూడేండ్లకొకసారి నూటికి 15 అని ఒకరు, ఏటేట 5 అని ఒకరు చెప్పుదురు. రెండును సమానమని వినువాని కనిపించును. పైన చెప్పిన 1,40,000 అద్దెకు మొదటి పద్ధతిలో మూడేండ్లకు 50,40,000 అగును. రెండవ పద్ధతిలో 52,96,200. తేడా 2,56,200 రూపాయలు. గది సిద్ధము చేసికొనుటకు అద్దె లేని దినములు ఎన్ని, డిపాజిట్టు ఎన్ని నెలలది, దళారికి ఒక నెలయా రెండు నెలలా, ఇవి బేరమాడి తేల్చుకొనునవి; అందుకై మేము కాలహరణము చేయము. సంస్థలు అద్దె చెల్లించునప్పుడు మూలములో నూటికి 10 ఆదాయపుపన్ను పట్టి ఉంచవలసియుండును. 2025 ఏప్రిల్ నుండి నెలకు 50,000 దాటిన అద్దెకే ఇది వర్తించునట్లు పరిమితిని మార్చిరి. ఆడిటరు ఆ పని చూచును.

ఆడిటరు చూడని సంగతి ఒకటి కలదు. 2017 డిసెంబరు 29వ తేదీ వేకువకు ముందు కమలా మిల్లు ఆవరణములో ఒక కట్టడము పైకప్పున నున్న భోజనశాలలలో నిప్పు చెలరేగి 14 మంది మరణించిరి. అదే ఆవరణమున పగలు వందలాది కార్యాలయము లుండును. పాత మిల్లు కట్టడములకు ఎత్తయిన కప్పులు, ఇటుక గోడలు, ఉత్తరపు వెలుతురు పడు రంపపుపళ్ల వంటి పైకప్పులు ఉండుటచే చూచుటకు మనోహరముగా నుండును. యంత్రములకై కట్టిన ఆ చోటులను అడ్డుగోడలతో, చెక్క అటకలతో ముక్కలు చేయునప్పుడు, మనుష్యుడు బయటపడు దారి యేదో ఎవరును గీసి చూపరు. గది చూచుటకు వెళ్లినప్పుడు రెండవ మెట్లు ఎక్కడ నున్నవో అడిగి, ఆ మెట్లవెంట క్రిందివరకు దిగి చూడవలెను. మేము దిగిన ఒక చోట మూడవ అంతస్తున పాత కుర్చీలు పైకప్పువరకు పేర్చియుండెను. మహారాష్ట్ర అగ్నిరక్షణ చట్టము ప్రకారము ప్రతి జనవరి, జులై నెలలలో లైసెన్సు గల సంస్థచే పరికరములు సరిగా నున్నవని ధృవపత్రము పొంది దాఖలు చేయవలెను. దానిని చూపు మనుటకు మొగమాటపడ నక్కరలేదు. దానితోపాటు కట్టడమునకు నగరపాలక సంస్థ ఇచ్చిన ఆక్యుపేషన్ సర్టిఫికెటును అడుగవలెను. అందులో ఆ అంతస్తు దేని కుద్దేశింపబడినదో వ్రాసియుండును. వాహనములు నిలుపుటకు వదలిన చోటున గాజుతలుపులు బిగించి కార్యాలయముగా ఇచ్చినవారు లేకపోలేదు.

పెద్ద మేడల కింత లేనివారికి ఈ పేటలో గాలాలు కలవు. గాలా యనగా పారిశ్రామిక ఎస్టేటులోని ఒక గది. మిల్లులు నడచు కాలముననే చిన్న కార్ఖానాలకు, ముద్రణాలయములకు, కుట్టుపనులవారికి ఇట్టి ఎస్టేటులను అంతస్తులుగా కట్టిరి. వెడల్పయిన నడవ, సరుకుల లిఫ్టు, నూనె మరకల నేల, వరుసగా ఇనుప షట్టర్లు. నేడు ఒక షట్టరు వెనుక అచ్చుయంత్రము తిరుగుచుండగా ప్రక్క షట్టరు వెనుక కంప్యూటరుల ముందు పిల్లలు కూర్చుండియుందురు. మాకు ఆ మేడల క్రింది పాలరాతి హాళ్లకంటె ఈ నడవలే నచ్చును. ఇచ్చట హాలు లేదు గనుక హాలులో వాటాయు తక్కువ. కార్పెట్ వైశాల్యమునకును కాగితపు వైశాల్యమునకును అంత అగాధము సాధారణముగ కానరాదు.

అయితే గాలాకును దాని చిక్కులు దానివి. పారిశ్రామిక ఉపయోగమునకు అనుమతిపొందిన చోట కార్యాలయము పెట్టవచ్చునా యనునది ఎస్టేటు ఎస్టేటునకును, పని పనికిని మారును; సొసైటీ నుండి వ్రాతమూలకమైన సమ్మతియు, నగరపాలక సంస్థ నుండి అనుమతియు ఉన్నవో లేవో ముందుగా తేల్చుకొనవలెను. కొన్ని గాలాలు పగడీవి. ఇచ్చువాడే కిరాయిదారు, అసలు యజమాని వేరొకడు, ఇచ్చువానికి ఇచ్చు అధికారము లేదు. అట్టివానికి కట్టిన డిపాజిట్టు తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు. కరెంటు ఎంత లోడునకు మంజూరైనదో బిల్లు చూచి తెలిసికొనవలెను. మరుగుదొడ్లు నడవ చివర అందరికిని ఉమ్మడిగా నుండును. స్త్రీలు పనిచేయు సంస్థ యైనచో మొదట చూడవలసినది అదియే. గది వెలుతురును, వంతెన దూరమును చూచి మురిసిపోయి ఈ సంగతి మరచిన యజమాని నొకనిని మే మెరుగుదుము. ఆరు నెలలలో ఆతని వద్ద నుండి ముగ్గురు స్త్రీలు పని మానిరి.

టేపు చేత మేము కొలిచిన గదిని విడిచిన యువకుడు, మూడు నెలలు వెదకి, కర్రీ రోడ్డు స్టేషనునకు ఏడు నిముషముల నడకలో ఇట్టి గాలా నొకటి తీసికొనెను. కార్పెట్ కొలతను పత్రములో అంకెలతో వ్రాయించి, నక్షాను జతపరపించి, లాక్-ఇన్‌ను పండ్రెండు నెలలకు దింపించి సంతకము చేసెను. ఆ ఎస్టేటు కాపలాదారు ఒకప్పటి మిల్లు కూలి కుమారుడు. ఈ పేటలో అట్టివారు పలువురు కాపలా పనులలోను, ఊడ్పు పనులలోను కుదిరియున్నారు. యువకుని తాత పేరు విని ఆయన ఏ మిల్లు, ఏ ఖాతా యని అడిగెను. మగ్గముల ఖాతా యని చెప్పగా, ఆతడు లేచి నిలుచుండెను.

తాళములు పుచ్చుకొను దినమున చేయవలసినది ఒకటి మిగిలినది. గదిని తలుపు నుండి కిటికీ వరకు ఫొటోలు తీసి, పగుళ్లు, నీటి మరకలు, విరిగిన పలకలు ఏమేమి కలవో ఒక జాబితా వ్రాసి, కరెంటు మీటరు అంకెను దానిలో చేర్చి, ఇరువురును సంతకములు చేయవలెను. గది విడుచునప్పుడు డిపాజిట్టులో నుండి పట్టివేతలు ఆరంభమగునది ఇచ్చటనే. డిపాజిట్టు తిరిగి ఇచ్చు గడువును పత్రములో దినములతో వ్రాయింపవలెను. తాళములు ఇచ్చుటయు పైకము పుచ్చుకొనుటయు ఒకే దినమున, ఒకే బల్లవద్ద జరుగవలె నని వ్రాయించుకొనుట మరియు మేలు.